టవరు గీసిన సరిహద్దు

1980ల్లో తెలంగాణ పల్లెల్లో ఇంటి కప్పు మీద యాంటెన్నా పైపు ఎంత పొడుగుందో చూస్తే, ఆ ఊరు హైదరాబాదుకు ఎంత దూరమో రమారమి చెప్పేయొచ్చు. నగరంలో అయితే టీవీ నెత్తిన పెట్టిన రెండు పుల్లలే సరిపోయేవి. భువనగిరి దాకా వచ్చేసరికి ఇనుప పైపు కావాలి. ఇంకా ముందుకు పోతే ఆ పైపు ముప్పై, నలభై అడుగులు ఎక్కేది. దాన్ని గాలికి పడిపోకుండా మూడు వైపులా తీగలతో లాగి కట్టేవారు, మధ్యలో బూస్టర్ బిగించేవారు. పైన ఒకడు యాంటెన్నా తిప్పుతుంటే కింద గుమ్మంలో ఇంకొకడు "వచ్చింది, వచ్చింది... పోయింది, ఆగు!" అని అరిచేవాడు. ఈ తతంగమంతా రామంతాపూర్‌లో ఉన్న ఒకే ఒక్క టవరు వైపు మొహం తిప్పడానికి.

ఆ టవరు హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రానిది. 1977 అక్టోబరు 23న నాటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి దాన్ని ప్రారంభించారు. తెలుగువాళ్లకు సొంత టీవీ కేంద్రం అదే మొదటిది. అయితే ఏ తెలుగువాళ్లకు? స్థానిక కేంద్రం అన్నప్పుడు మనకు భాష, యాస, జిల్లా వార్తలు గుర్తొస్తాయి. కానీ ఆ రోజుల్లో ఈ కేంద్రానికి ఎవరు స్థానికులో, ఎవరు కారో తేల్చింది భూమి గుండ్రంగా ఉండటమే.

మీడియం వేవ్ రేడియో తరంగాలు నేల వంపును అంటిపెట్టుకుని పోతాయి. రాత్రిపూట పైవాతావరణంలోని విద్యుదావేశపు పొరను తాకి వెనక్కి వస్తాయి కూడా. అందుకే విజయవాడ రేడియో రాత్రిళ్లు ఎక్కడెక్కడో పలికేది. టీవీ తరంగాలకు ఆ గుణం లేదు. మన దేశంలో మొదట టీవీకి కేటాయించినవి 47 నుంచి 68 మెగాహెర్ట్జ్, 174 నుంచి 230 మెగాహెర్ట్జ్ పట్టీలు. ఆ స్థాయిలో తరంగం దాదాపు వెలుగులాగే నేరుగా సాగిపోతుంది. నేల వంగితే తాను వంగదు, పైకి పోతుంది. మధ్యలో గుట్ట అడ్డం వస్తే దాని వెనక ఊరికి నీడే మిగులుతుంది.

దీనికి ఇంజనీర్లు వాడే లెక్క ఒకటుంది. టవరు ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే తరంగం ఎన్ని కిలోమీటర్ల దాకా నేలను తాకుతుందో వస్తుంది. టవరు 150 మీటర్లు అనుకుందాం. వర్గమూలం 12 పైచిలుకు, గుణిస్తే సుమారు 50 కిలోమీటర్లు. ఇంటి మీది యాంటెన్నా ఎత్తుకు కూడా ఇదే లెక్క వేసి కలపాలి. 9 మీటర్ల పైపు వేస్తే ఇంకో 12 కిలోమీటర్లు కలుస్తాయి. పట్టుదల పెరిగి పైపును 16 మీటర్లకు లేపితే కలిసేవి 16. ఏడు మీటర్ల ఇనుముకు దక్కిన లాభం నాలుగు కిలోమీటర్లే. వర్గమూలం పిసినారిది. అంచు ఊళ్లలో పక్కింటికి బొమ్మ వచ్చి మనింటికి రాకపోవడం వెనక ఉన్న అన్యాయం ఇదే. ఇళ్ల మధ్య రెండు మీటర్ల మిట్ట తేడా ఉన్నా చాలు, ఆ అంచు అటో ఇటో జరుగుతుంది.

యాంటెన్నాలో అల్యూమినియం కడ్డీల పొడవు కూడా ఊరికే పెట్టింది కాదు. తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం పొడవున్న కడ్డీలో ఆ తరంగం బాగా పలుకుతుంది. 60 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం 5 మీటర్లు, కాబట్టి కడ్డీ రెండున్నర మీటర్లు కావాలి. 200 దగ్గర తరంగం మీటరున్నర, కడ్డీ ముప్పావు మీటరు చాలు. వెనక కొంచెం పొడుగు కడ్డీ ఒకటి, ముందు కొంచెం పొట్టివి కొన్ని అమర్చితే యాంటెన్నా చూపు ఒకే దిక్కుకు కుదురుతుంది. జపాన్‌లో హిదెత్సుగు యాగి, షింతారో ఉడా 1920ల్లో కనిపెట్టిన అమరిక ఇది.

ఇక బొమ్మ పక్కనే కనిపించే నీడబొమ్మ సంగతి. వార్తలు చదివే మనిషికి రెండు ముక్కులుండేవి. టవరు నుంచి నేరుగా వచ్చిన తరంగం ఒకటి, గుట్టనో పెద్ద భవంతినో తాకి చుట్టు తిరిగి వచ్చింది ఇంకొకటి. రెండోది 300 మీటర్లు ఎక్కువ తిరిగితే సెకనులో పది లక్షల వంతు ఆలస్యమవుతుంది. టీవీ తెర మీద ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి ఒక గీత గీయడానికి పట్టేది అలాంటి 52 వంతులే. కాబట్టి 40 సెంటీమీటర్ల వెడల్పు తెర మీద రెండో ముక్కు దాదాపు 8 మిల్లీమీటర్లు కుడివైపుకు జరిగి కనిపిస్తుంది. ఓపికున్నవాడు స్కేలు పెట్టి తెరను కొలిచి, తరంగం ఎంత చుట్టు తిరిగొచ్చిందో లెక్క కట్టొచ్చు. రాళ్ల గుట్టల మధ్య పెరిగిన హైదరాబాదులో ఇలాంటి కొలతలకు కొదువ లేదు.

విచిత్రమేమిటంటే, టవరు లేవక ముందే తెలుగు పల్లెలు టీవీ చూశాయి, అదీ ఉపగ్రహం నుంచి నేరుగా. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఏడాది పాటు సాగిన 'సైట్' ప్రయోగం అది. విక్రమ్ సారాభాయ్ ఉండగా 1969లో నాసాతో ఒప్పందం కుదిరింది. ఆయన 1971 డిసెంబరులో కన్నుమూశారు. అమలు బాధ్యత అహ్మదాబాదులో అంతరిక్ష అనువర్తనాల కేంద్రాన్ని నడిపిన యశ్‌పాల్ భుజాల మీద పడింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలను ఎంచుకున్నారు. వాటిలో చాలా ఊళ్లు అప్పటికి సినిమా హాలు ముఖం ఎరగనివి.

నాసా అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహంలో ప్రసార శక్తి 80 వాట్లే. దాన్ని పూడ్చింది దాని యాంటెన్నా. తొమ్మిది మీటర్ల వెడల్పుండే దాన్ని మడిచి పంపితే అంతరిక్షంలో గొడుగులా విచ్చుకుంది, ఉన్న శక్తినంతా భారతదేశం మీదికే మళ్లించింది. కింద పల్లెలో కోళ్ల గూడుకు వాడే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల డిష్షు సరిపోయింది. వలకు కన్నాలుంటాయి కదా, సిగ్నల్ కారిపోదా? కారిపోదు. 860 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. ఒకటి రెండు సెంటీమీటర్ల కన్నం దానికి కన్నమే కాదు, వల మొత్తం దానికి అద్దమే. గాలి మాత్రం ఆ కన్నాల గుండా పోతుంది కాబట్టి తుఫాను గాలికి డిష్షు ఎగిరిపోదు. పైగా తేలిక, చవక. ఈ దేశంలో జరిగిన మంచి ఇంజనీరింగ్ గురించి ఎవరైనా అడిగితే నేను రాకెట్ల కంటే ముందు ఈ కోళ్ల వల పేరే చెబుతాను.

ఆ ఏడాది కార్యక్రమాలు తయారుచేయడానికి ఆకాశవాణి మూడు కేంద్రాలు పెట్టింది: ఢిల్లీ, కటక్, హైదరాబాద్. అప్పటికి టీవీ ఇంకా ఆకాశవాణిలో భాగమే. దూరదర్శన్ విడిపోయింది 1976 ఏప్రిల్ 1న. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కాస్త వినోదం. ఒకే బొమ్మతో పాటు రెండు భాషల మాట పంపే ఏర్పాటు కూడా ఉపగ్రహంలో ఉంది. బడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో టీవీ పెడితే ఊరంతా చుట్టూ చేరి చూసేది. టీవీ అప్పుడు ఇంటి వస్తువు కాదు, ఊరి వస్తువు.

ఏడాది ముగిసింది. అరువు ఉపగ్రహం తిరిగి అమెరికా వైపు జరిగిపోయింది. పల్లెల్లో డిష్షులు మిగిలాయి, బొమ్మ పోయింది. ఆ లోటు కొంతైనా పూడ్చడానికి 'సైట్' ప్రాంతాలకు దగ్గర్లో నేల మీద ట్రాన్స్‌మిటర్లు కట్టాలని నిర్ణయించారు. రామంతాపూర్ కేంద్రం పుట్టుకకు కారణం అది. అంటే మన మొదటి టీవీ కేంద్రం నగరవాసుల కాలక్షేపం కోసం పుట్టలేదు, పల్లెల వాటాగా పుట్టింది. తర్వాత సినిమా పాటల వెలుగులో ఈ సంగతి మరుగున పడింది.

అదే కాలంలో గుజరాత్‌లోని ఖేడా జిల్లా పీజ్ గ్రామంలో ఇంకో దారి తొక్కారు. ఒక కిలోవాటు చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టి, ఆ జిల్లా మనుషులతోనే, ఆ జిల్లా గొడవల మీదే నాటికలూ చర్చలూ తీసి చూపించారు. కూలిరేట్ల దగ్గర్నుంచి కులాల దాకా ఏదీ వదల్లేదు. 1984లో యునెస్కో బహుమతి కూడా వచ్చింది. ఆ మరుసటేడు ట్రాన్స్‌మిటరును మద్రాసుకు తరలించబోతే ఊళ్లు ఎదురుతిరిగాయి. ప్రజల టీవీ అంటే ఏమిటో మన దేశంలో అంత దగ్గరగా చూపించిన కేంద్రం మరొకటి లేదని నా అభిప్రాయం.

మళ్లీ హైదరాబాదుకు వద్దాం. స్టూడియో లోపల పని ఎలా జరుగుతుందో ప్రేక్షకుడికి తెలియదు, తెలియకుండా ఉండటమే ఆ పని. రెండు మూడు కెమెరాలు ఒకే మనిషిని వేరువేరు కోణాల్లో చూస్తుంటాయి. పక్క గదిలో, కంట్రోల్ రూములో, ప్రొడ్యూసర్ ఎదుట వరుసగా మానిటర్లు. ఆయన "టూ... కట్" అనగానే విజన్ మిక్సర్ మీద ఒక మీట నొక్కుతారు, ప్రసారం ఒకటో కెమెరా నుంచి రెండోదానికి మారుతుంది. వినడానికి తేలిక. కానీ పాత పద్ధతి టీవీలో సెకనుకు 25 బొమ్మలు, బొమ్మకు 625 గీతలు. కెమెరాలు రెండూ ఒకే క్షణాన ఒకే గీత గీస్తుండాలి. ఒకటి పైన, ఇంకొకటి నడిమధ్యలో ఉండగా మారిస్తే ఇంట్లో తెర ఒక్కసారి దొర్లి కుదుటపడుతుంది. అందుకని స్టూడియో మొత్తానికి తాళం వేసే పరికరం ఒకటుంటుంది. సింక్ పల్స్ జనరేటర్ అంటారు. కెమెరాలు, మిక్సరు, టేపు యంత్రాలు అన్నీ దాని లయకే నడవాలి. సెకనుకు పదిహేను వేల పైచిలుకు దెబ్బలు కొట్టే ఆ తాళం ఎవరికీ వినపడదు.

కంట్రోల్ రూము దాటిన బొమ్మ మాస్టర్ స్విచింగ్ రూముకు చేరుతుంది. ఏ నిమిషానికి ఏది పోవాలో రాసిన చార్టు అక్కడుంటుంది. ఈ టేపు అయిపోగానే ఆ సినిమా పాట, అది కాగానే ప్రకటన, ఆ తర్వాత ఢిల్లీ. "అంతరాయానికి చింతిస్తున్నాము" అనే పలక వెనక నిజంగా చింతించే మనుషులు ఉండే గది అదే. అక్కడి నుంచి ట్రాన్స్‌మిటరు. బొమ్మను తరంగం ఎత్తుపల్లాలుగా, మాటను తరంగం పౌనఃపున్యపు మార్పులుగా, రెంటినీ 5.5 మెగాహెర్ట్జ్ ఎడంలో పేర్చి టవరు పైకి పంపేవారు. వానాకాలంలో బొమ్మ చెదిరినా మాట ఎంచక్కా వినిపించేది అందుకే. రెండో పద్ధతికి రొదను తట్టుకునే గుణం ఎక్కువ.

తెలుగు వార్తలు మాత్రం వెంటనే రాలేదు. 1983 నవంబరు 14న శాంతి స్వరూప్ గొంతుతో అవి మొదలయ్యాయి. ఇప్పుడు వార్తలు చదివేవారి ముందు కెమెరా కటకానికి అడ్డంగా ఏటవాలు అద్దం ఉంటుంది. కింద తెర మీద కదిలే అక్షరాలు ఆ అద్దంలో ప్రతిఫలిస్తాయి. వెనక ఉన్న కెమెరాకు అవి కనిపించవు. దాన్నే టెలీప్రాంప్టర్ అంటారు. శాంతి స్వరూప్‌కు ఆ సదుపాయం లేదు, చేతిలో కాగితాలే. వాక్యాన్ని ఒక చూపులో పట్టి, తలెత్తి జనం కళ్లలోకి చూసి చెప్పి, మళ్లీ కిందికి దిగాలి. ఆయన నెమ్మదిని సంప్రదాయం అనుకున్నాం గానీ, సగం అది ఆ పని కోరిన నడక. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు ఒక తరం మొత్తం తమ ఇంటి మనిషి పోయినట్టు మాట్లాడుకుంది. ఒకే ఒక్క చానెల్ ఉన్న కాలానికి దక్కిన చనువు అది.

శుక్రవారం చిత్రలహరి, మల్లాది చంద్రశేఖరశాస్త్రి ధర్మసందేహాలు, తర్వాతి రోజుల్లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం ఆనందోబ్రహ్మ, మంజులా నాయుడు ఋతురాగాలు... జాబితా పెంచితే వ్యాసం పాటల పుస్తకం అయిపోతుంది.

1982 ఆగస్టు 15న ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం మొదలైంది, రంగు కూడా ఆ ఏడాదే వచ్చింది. 1983లో ఇన్‌శాట్-1బి ఎగిరాక 1984లో దేశమంతా చిన్న రిలే కేంద్రాలు దాదాపు రోజుకొకటి చొప్పున లేచాయి. 100 వాట్ల ట్రాన్స్‌మిటరు, ఒక డిష్షు, ఇద్దరు ముగ్గురు సిబ్బంది. బొమ్మ ఊరూరికీ చేరింది, కానీ ఆ బొమ్మ ఢిల్లీది. రిలే కేంద్రపు డిష్షు ఉపగ్రహాన్నే చూస్తుంది, ఉపగ్రహం ఢిల్లీని చూస్తుంది. రామంతాపూర్ టవరు కనుచూపు మేరకు ఆవల ఉన్న తెలుగు ఊళ్లు చాలాకాలం సాయంత్రమంతా హిందీ చూశాయి. రైతుకు పైరు గురించి చెప్పే కార్యక్రమం ఉంది, కానీ అది యమునా తీరపు గోధుమ గురించి! తెలుగు కార్యక్రమాలు హైదరాబాదు నుంచి మైక్రోవేవ్ గొలుసుల ద్వారా, తర్వాత ఉపగ్రహం ద్వారా మిగతా జిల్లాలకు చేరాకే ఈ వింత తీరింది. 1993లో తెలుగుకు విడిగా ఉపగ్రహ చానెల్ వచ్చింది, తర్వాత దానికి సప్తగిరి అని పేరు పెట్టారు. ఆ వెంటే 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. పైపు యాంటెన్నా స్థానంలో కేబుల్ తీగ ఇంట్లోకి దూరింది.

ఉపగ్రహం ఎక్కాక కేంద్రం పని తీరే మారిపోయింది. భూమధ్యరేఖకు ఎగువన 35,786 కిలోమీటర్ల ఎత్తులో కదలనట్టే కనిపించే ఉపగ్రహానికి సిగ్నల్ వెళ్లి రావడానికి సెకనులో నాలుగో వంతు పడుతుంది. ఉపగ్రహం మీదుగా మాట్లాడే విలేకరి, స్టూడియోలో ప్రశ్న అడిగాక కాసేపు మౌనంగా నిలబడేది ఆ ప్రశ్న ఇంకా చేరకే, జవాబు తెలియక కాదు. హెచ్‌డీ కెమెరా నుంచి స్టూడియో తీగలో సెకనుకు దాదాపు 150 కోట్ల బిట్లు పారతాయి. అంతటినీ ఉపగ్రహం మోయలేదు, వందలో ఒక వంతుకు కుదించాలి. కుదించే యంత్రం మారని భాగాన్ని మళ్లీ పంపదు, మారినంతవరకే చెబుతుంది. వార్తలు చదివే మనిషి దానికి సుఖం, కదిలేవి పెదాలే. బతుకమ్మ ఆటో, గోదావరి పుష్కర స్నానమో ప్రత్యక్ష ప్రసారం చేస్తే దానికి చెమట పడుతుంది. ప్రతి పువ్వూ, ప్రతి అలా కదులుతుంటాయి. అప్పుడు బొమ్మ చదరపు ముక్కలుగా విరుగుతుంది. పాత టీవీ చుక్కలు చుక్కలుగా చెడేది, కొత్తది గళ్లు గళ్లుగా చెడుతుంది.

2014లో రాష్ట్రం రెండయింది. హైదరాబాదు చానెల్ యాదగిరి అయింది, సప్తగిరి పేరు విజయవాడ కేంద్రానికి వెళ్లింది. రెండూ డీడీ ఫ్రీ డిష్‌లో నెల కిరాయి లేకుండా దేశంలో ఏ మూలనైనా వస్తాయి. సూరత్ మరమగ్గాల దగ్గరి తెలుగు కార్మికుడికీ, ముంబయిలో స్థిరపడిన పాలమూరు కుటుంబానికీ 93.5 డిగ్రీల తూర్పున ఉన్న ఉపగ్రహం వైపు చిన్న డిష్షు తిప్పితే చాలు. మరోవైపు నేల మీది పాత ట్రాన్స్‌మిటర్లను ప్రసార భారతి దశలవారీగా ఆపేసింది. 2022 నాటికి సరిహద్దుల్లాంటి కీలక ప్రాంతాల్లో మినహా దేశమంతటా అనలాగ్ టవర్లు మూగబోయాయి. ఖర్చు లెక్కల్లో అది సరైన పనే. దక్కింది ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ టవరు చుట్టూ ఉన్న అరవై కిలోమీటర్ల మనుషులే నా ప్రేక్షకులు అన్న స్పృహ కేంద్రానికి పోయింది. దేశమంతా కనిపించే చానెల్ ఖేడా జిల్లా కూలిరేట్ల గురించి నాటిక వేయదు. ఫ్రీ డిష్ జనానికి అందింది, జనం ఫ్రీ డిష్‌కు అందలేదు.

ఇప్పుడు అసలు తొందరగా చూడాల్సింది ప్రసారం కాదు, అల్మారా. 1970ల్లో వార్తల దృశ్యాలు 16 ఎంఎం ఫిల్ము మీద తీసేవారు, తర్వాత యూమాటిక్, ఆపైన బీటాక్యామ్ టేపులు. టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన అయస్కాంత రేణువులు. ఆ జిగురు గాలిలోని తేమను తాగుతుంది. ఏళ్లు గడిచేసరికి బంకగా మారి, యంత్రంలో పెట్టగానే అక్కడికక్కడే అతుక్కుంటుంది. గిర్రున తిరిగే డ్రమ్ము మీది హెడ్డు టేపును ఏటవాలుగా గీస్తూ చదువుతుంది. వెంట్రుకలో పదో వంతు ధూళి చేరినా తెర మీద చార పడుతుంది. ఇక యంత్రాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది, విడి భాగాలు దొరకవు, బాగుచేసే చేతులు పదవీ విరమణ చేశాయి. గంట టేపును డిజిటల్ చేయడానికి గంట పడుతుంది, దాన్ని తొందరపెట్టే ఉపాయం లేదు. పాత టేపులు తుడిచి మళ్లీ వాడుకున్న పాపం బీబీసీ అంతటిది కూడా చేసింది. డబ్బు లేని చోట అదే జరుగుతుంది.

ప్రసార భారతి తన ఖజానాను డిజిటల్ చేసి కొంత యూట్యూబ్‌లో పెడుతోంది. అందులో తెలుగు వాటా పెరగాలంటే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాల జర్నలిజం శాఖలు పూనుకుని అడగాలి, పని చేయడానికి మనుషులనూ డబ్బునూ ఇవ్వాలి. మీ ఇంట్లో అటక మీద 1980, 90ల దూరదర్శన్ కార్యక్రమాలు రికార్డు చేసిన వీసీఆర్ క్యాసెట్లు ఉంటే పారేయకండి. తేమ లేని చోట నిలువుగా పెట్టండి, బూజు కనిపిస్తే ఆడించి చూడకండి, తెలిసినవాళ్లతో ఈ ఏడాదే డిజిటల్ చేయించండి. కేంద్రం దగ్గర లేని ప్రసారం ఒక్కోసారి ప్రేక్షకుడి అటక మీదే మిగులుతుంది.